తెల్లవారుజామున దడదడ

వీధిలో ఒక తెలుగు లెక్చరరు కాపురముంటే ఆ వీధివారికి అదొక సదుపాయం. శుభలేఖ మొదలుకొని మునిసిపాలిటీకి అర్జీ వరకు ఎవరికి ఏది వ్రాయవలసివచ్చినా ఆ యింటి తలుపే తడతారు. ఇప్పుడు కాగితాలూ కలాలూ పోయి సెల్‌ఫోన్లు వచ్చినవి గాని తలుపు తట్టేవారు మాత్రం తగ్గలేదు. "మీరైతే రెండు ముక్కలు గంభీరంగా వ్రాస్తారు మాస్టారూ" అంటారు. ఆ మాటకు లొంగిపోవడం నా బలహీనత. కిందటి నెలలో అలా లొంగిపోయి వ్రాసిన అర్జీ ఒకటి తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకొన్నది.

రాజమహేంద్రవరంలో మేముండే వీధిలో, మాకు మూడిళ్ళ అవతల ఒక కుర్రవాడున్నాడు. అప్పుచేసి ఒక పాత చిన్నట్రక్కు కొనుక్కొన్నాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీబండి వేసుకొని కడియపులంక నర్సరీలకు పోయి, మొక్కలెత్తుకొని చుట్టుపక్కల ఊళ్ళకు చేరవేస్తాడు. చక్కని వృత్తే. చిక్కల్లా ఆ బండి వెనక తలుపుతో వచ్చింది. మా వీధిలో రెండు స్పీడు బ్రేకర్లు. అందులో ఒకటి సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా ఉన్నది. బండి దానిమీదికి ఎక్కి దిగేసరికి ఇనప్పెట్టె మేడమీదనుంచి మెట్లవెంట దొర్లినట్లు చప్పుడు. కుక్కలు లేస్తాయి, వాటివెనక పసిపిల్లలు లేస్తారు. ఎదురింటి అమ్మాయి రాత్రి ఒంటిగంటదాకా పరీక్షలకు చదివి పడుకొంటుంది. ఆ పిల్ల తల్లి ఒకనాడు మా యింటికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది.

వీధి చివర రిటైరయిన ఆఫీసరుగారొకరున్నారు. ఆయన 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు తీసి, నివాస ప్రాంతాలలో రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు ధ్వని 45 డెసిబెళ్ళు మించరాదని చదివి వినిపించారు. ఆ నిబంధనకు నా భాష తోడయింది. "కర్ణకఠోరమైన యీ నిస్వనము" అని ఒకచోట వ్రాశాను. వ్రాసి, నిజం చెప్పవద్దూ, నాలుగుసార్లు చదువుకొన్నాను కూడా. ఆదివారంలోగా బండిని వీధిలో పెట్టడం మానుకోవాలనీ, లేనియెడల పోలీసువారిని ఆశ్రయిస్తామనీ ముగించాము. పదకొండు సంతకాలు. మొదటిది నాది.

గురువారం సాయంత్రం ఆ కుర్రవాడు అదే కాగితం పట్టుకొని మా అరుగుమీదికి వచ్చాడు.

"మాస్టారూ, దీనికి జవాబు వ్రాసిపెట్టాలండి" అన్నాడు.

నేను కళ్ళజోడు సవరించుకొంటూ, "నాయనా, కింద సంతకాలు చూశావా?" అన్నాను.

"చూశానండి. మీదే ముందుందండి. వ్రాసినవారికైతే జవాబు ఎలా వ్రాయాలో కూడా తెలుస్తుంది కదండీ, అని వచ్చానండి."

ఎత్తిపొడుపేమో అనుకొని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే వ్రాయించుకొందామని వచ్చాడు. కూర్చోబెట్టి అడిగితే సంగతులు చెప్పాడు. లోగడ ఒక రాత్రి బండి మెయిన్‌రోడ్డు మీద పెడితే బ్యాటరీ ఎత్తుకుపోయారట. కొత్తది కొనేసరికి ఆ నెల వాయిదా తప్పింది. మళ్ళీ ఒక్కటి తప్పితే బండి తోలుకుపోతామన్నారట అప్పిచ్చినవారు. ఇవేమీ నా అర్జీలో లేవు. నాకు తెలియవు, తెలుసుకోలేదు.

"ఆ తలుపు బాగుచేయించరాదూ?" అన్నాను.

"డోరుకి తాడు కట్టానండి. కట్టిన రోజు తగ్గుతుందండి, మర్నాటికి మామూలేనండి."

జవాబు వ్రాయలేదు. వాడి మేనమామ ఒకప్పుడు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసిన మేస్త్రి అని తెలిసి, ఆదివారం పొద్దున్నే రప్పించమన్నాను.

మేస్త్రిగారు వచ్చీ రావడంతోనే నన్ను పట్టుకొన్నారు. "తమరు రోజూ వింటున్నారు కదండీ. ఏమని మోగుతుందండి?"

"కర్ణకఠోరంగా ఉంటుంది" అన్నాను.

ఆయన నావంక ఒక్క నిమిషం చూసి, "అది కాదండి. దడదడా, టకటకా, గలగలా?" అన్నారు.

అనుకరణ శబ్దాలమీద ఏటా క్లాసులో పాఠం చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మేస్త్రిగారు బండిని స్పీడు బ్రేకరు మీదుగా నెమ్మదిగా పోనిమ్మన్నారు. నన్ను వెనక నిలబెట్టారు. అప్పుడు తెలిసింది, మేము ఒకటనుకొన్న చప్పుడులో మూడున్నవి. గలగల అన్నది తలుపు రెండు పక్కలా వేలాడే గొలుసులు రేకుకు కొట్టుకోవడం. వాటికి గుడ్డలు చుట్టి మళ్ళీ నడిపిస్తే అది పోయింది. దడదడ అన్నది పైన గొళ్ళాల దగ్గరిది. తలుపు ఆనుకొనేచోట ఉండవలసిన రబ్బరు ముక్కలు ఎప్పుడో రాలిపోయినవి. ఇనుము ఇనుముకే తగులుతున్నది. మడిచిన సైకిలు ట్యూబు ముక్క అక్కడ దూర్చేసరికి సగం చప్పుడు అణిగింది. ఇక మిగిలింది టకటక. చిన్నదే. గుడ్డకూ రబ్బరుకూ లొంగలేదు.

ఖాళీబండికే ఇంత రొద ఎందుకని అడిగాను. కమాను పట్టీలు బరువుకోసం చేసినవిట. బరువు లేనప్పుడు అవి వంగవు, ప్రతి కుదుపునూ బాడీకే ఎగదన్నుతాయి. మొక్కల కుండీలు నిండితే ఆ బరువే బండిని అదిమి పట్టుకొంటుంది. నాలుగింటికి వెళ్ళేది ఖాళీగానే కదా, అదీ మా ప్రాప్తం.

మేస్త్రిగారు తలుపును రెండు చేతులా పట్టుకొని పైకీ కిందికీ ఆడించారు. అడుగున మూడు మడతబందులున్నవి. తలుపు వేలు మందాన కదిలింది. ఆయన వంగి చూసి, మేనల్లుణ్ణి పిలిచి, నోటితో ఏమీ అనకుండా వేలుపెట్టి చూపించారు. నేనూ వంగాను. బందుకు బందుకూ ఒక ఇనప చీల. అది జారిపోకుండా కొసన రెండు కాళ్ళు విడదీసి వంచిన సన్నని స్ప్లిట్ పిన్ను ఉండాలి. కుడివైపు బందుకు అది లేదు. ఎవరో ఎప్పుడో ఇనపతీగ చుట్టారు, ఆ తీగ తెగింది. చీల జరిగి జరిగి గోరంత కొస మాత్రం లోపల మిగిలింది. నడిమి బందులో రంధ్రం గుండ్రంగా లేదు, అరిగి అరిగి కోడిగుడ్డులా సాగింది. తలుపును నిలబెట్టినవి ఎడమవైపు బందూ, మనవాడి తాడూ!

రోజూ ఆ బండి జాతీయ రహదారి మీద పోతుంది. వెనక స్కూటర్లమీద ఎందరు వస్తారో! కుర్రవాడు నేలమీద చతికిలబడ్డాడు. "తాడు ఇంకాస్త బిగించి కట్టమన్నారండి అందరూ" అన్నాడు. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

తలుపు విప్పడం చూస్తే అదొక విద్య. ఒక్కడు మోయగలిగినా ఒక్కడు విప్పరాదట. గొళ్ళాలు తీసి, తలుపును గొలుసులమీద అడ్డంగా వాల్చి, ఇద్దరు రెండు కొసలూ పట్టుకొన్న తరువాతనే గొలుసులు ఊడదీయాలి. ముందే ఊడదీస్తే తలుపు కిందికి ఊగి మోకాళ్ళు విరగగొడుతుంది. ఒక కొస నేను పట్టుకొన్నాను. రెండో కొసకు ఎవరా అని చూస్తే, చప్పుడు విని బయటికి వచ్చిన డెసిబెళ్ళ ఆఫీసరుగారు కండువా నడుముకు బిగించి నిలబడ్డారు. మేస్త్రిగారు తుప్పుపట్టిన చీలలమీద డీజిలు చుక్కలు పోసి నాననిచ్చి, సుత్తితో ఒక్కొక్కటీ పక్కకు దిగగొట్టారు. ఆఫీసరుగారి తెల్లపంచె సంగతి చెప్పను.

తలుపు బండిమీద ఉండగానే వెల్డింగు చేయవచ్చు గదా అంటే, చేయవచ్చునట గాని ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి, లేకపోతే బండిలోని ఎలక్ట్రికు సరుకుకు చేటు. విప్పి కిందపెడితే ఆ బాధ లేదు. సాగిన రంధ్రాన్ని లోహంతో పూడ్చి డ్రిల్లుతో మళ్ళీ తొలిచారు. మూడు బందుల్లోంచీ ఒకే తిన్నని ఊచ దూర్చి ఉంచి మరీ అతికారు. ఒకటి వెంట్రుకవాసి వంకరైనా తలుపు బిగుసుకుపోతుందట. మూడింటికీ కొత్త చీలలు, కొత్త స్ప్లిట్ పిన్నులు. అతికినచోట ఎర్రరంగు పూశారు. మొక్కలనుంచి కారే తడిమట్టికి ఇనుము తొందరగా తుప్పుపడుతుంది మరి. గొలుసులకు సైకిలు ట్యూబు తొడుగులు తొడిగారు. గొళ్ళాల దగ్గర రబ్బరు మాత్రం మరీ మందం కాకూడదన్నారు. మందమైతే గొళ్ళెం పడదు, బలవంతాన వేస్తే వంగుతుంది. ఒక ముక్క కోసి చూసి, చాలక రెండోది కోశారు.

మొత్తం 1,400 రూపాయలయింది. కూలి మేనమామగారు పుచ్చుకోలేదు. సామానుకు ఎదురింటి అమ్మాయి తల్లి 500 ఇవ్వబోతే కుర్రవాడు వద్దని, "అమ్మాయిగారు పాసైతే స్వీటు పెట్టండి, పిన్నిగారూ" అన్నాడు.

సోమవారం నాలుగింటికి నాకు మెలకువ వచ్చింది. చెవులు రిక్కించుకొని పడుకొన్నాను. ఇంజను చప్పుడు వచ్చింది, స్పీడు బ్రేకరు దగ్గర కాస్త తగ్గింది, దాటింది, పోయింది. కుక్క ఒక్కటీ లేవలేదు. తృప్తిగా అటు తిరిగి పడుకొని, ఏడింటికి లేచాను.

లేచేసరికి మా యింట్లో గందరగోళంగా ఉన్నది. కుళాయి నీళ్ళు వచ్చేది నాలుగుంబావుకి. ఆ దడదడ వినే మా ఆవిడ ఇన్నాళ్ళూ లేచి బిందెలు పెట్టుకొంటున్నదట. చుక్క నీరు లేదు.

"ఏమండీ, ఆ అబ్బాయితో చెప్పండి" అన్నది. "రేపటినుంచి వెళ్ళేటప్పుడు మన కిటికీ ఒకసారి తట్టి వెళ్ళమని."