అమ్మనయ్యాక - 9 : "మనమేంటోళ్లం?"

పాప పడుకుంది. ఇంకో గంటకి నీళ్లు కావాలని లేస్తుంది. ఈ గంటలో రాయగలిగినంత రాస్తాను. తప్పులుంటే సర్దుకోండి.

గత ఆదివారం సాయంత్రం మా పాప కింద పోర్షన్‌లో ఆడుకుని పైకొచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది, "అమ్మా, మనమేంటోళ్లం?" అని. దానికి నాలుగున్నరేళ్లు. ఆ మాట దానిది కాదు. కింద ఆడుకునే పిల్లది. ఆ పిల్లకి ఎనిమిదేళ్లు ఉంటాయేమో. వాళ్లేంటో చెప్పి, మీరేంటని అడిగిందట. దీనికి తెలియక నా దగ్గరికొచ్చింది.

నేనేం చేశానో తెలుసా? కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నదాన్ని, తల కూడా ఎత్తకుండా "మనం మనుషులం నాన్నా" అన్నాను.

యూనివర్సిటీలో ఉన్నప్పుడు మైకు పట్టుకుని నా కులం పేరు నేనే గట్టిగా చెప్పినదాన్ని. ఎదుటివాళ్లు చూపు తిప్పుకుంటే నవ్వినదాన్ని. నా కూతురు అడిగితే మాత్రం వంకాయల వైపు చూస్తూ తప్పించుకున్నాను.

ఎందుకు తప్పించుకున్నానో కూడా చెప్తాను. ఈ ఇంటికి ముందు హైదరాబాద్‌లో ఆరిళ్లు చూశాం. అడ్వాన్స్ మాట్లాడుకున్నాక కూడా "మా అబ్బాయి వస్తున్నాడండీ, ఇవ్వడం లేదు" అన్నవాళ్లున్నారు. ఈ ఇంటి ఓనరు "మీరేంట్లు?" అన్నప్పుడు మా ఆయన "ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం సార్, అద్దె ఒకటో తారీకునే ఇస్తాం" అన్నాడు. ఆయన మళ్లీ అడగలేదు. మేం మళ్లీ చెప్పలేదు. కింద ఆడుకునే పిల్ల ఆ ఓనరు మనవరాలే. పాపకి నేను చెప్తే ఆ మాట అయిదు నిమిషాల్లో కిందకి దిగుతుంది. అదీ నా భయం. "మనుషులం" అన్న మాట వెనక మానవత్వం ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న లెక్క ఉంది, అంతే.

మరి నాకెవరు చెప్పారు?

మాది ప్రకాశం జిల్లా. రెండో తరగతిలో నాతో కూర్చునే పిల్ల వాళ్లింటికి వెళ్లాను. దాహమేస్తుందంటే వాళ్ల నాయనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. దోసిలి పట్టమంది. పైనుంచి పోసింది. మా స్నేహితురాలు మాత్రం గ్లాసుతో తాగింది. ఇదేదో ఆట అనుకుని ఇంటికొచ్చి మా అమ్మకి దోసిలి పట్టి చూపించాను. మా అమ్మ చెంప మీద ఒకటి వేసింది. "వాళ్లిళ్లకి ఎందుకెళ్లావే?" అని.

ఆ దెబ్బ మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. తప్పు వాళ్లది, దెబ్బ నాకు. ఇప్పుడు తల్లినయ్యాక అర్థమవుతోంది. మిరపకాయల కోతకి, పొగాకు పనికి పోయి రాత్రికి నడుం వాల్చే మనిషికి, ఆ సంగతి బిడ్డకి ఎలా చెప్పాలో ఎవరు నేర్పారు? మాటలు లేని చోట చెయ్యి లేచింది. నేను మాటలు ఉన్నదాన్ని. ఎమ్మే చదివినదాన్ని. నేనూ చెప్పలేదు.

మా ఆయనతో అంటే "ఇంకా చిన్నపిల్ల. దాని బాల్యం దాన్ని గడపనీ" అన్నాడు. మీలో చాలామంది ఇదే అంటారని తెలుసు. నాక్కూడా మొదట న్యాయంగానే అనిపించింది. కానీ ఒక్కటి ఆలోచించండి. మా పెద్దమ్మ ఊళ్లో బడికి మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ పనిలో ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మా పెద్దమ్మ చేరిన కొత్తలో కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. ఆరేళ్లు, ఏడేళ్ల పిల్లలు. అన్నం ఎవరు వండారో చూసి తినాలని వాళ్లకి ఇంట్లో ఎవరో చెప్పారు కదా! వాళ్ల బాల్యం పాడవుతుందని ఆ ఇళ్లల్లో ఎవరూ ఆగలేదు. చెప్పడానికి వయసు చూసుకునేది మనమే.

పాప వెళ్లే ప్రీస్కూల్ నుంచి జూన్‌లో ఒక చీటీ వచ్చింది. డబ్బాలో గుడ్డు, మాంసం పెట్టొద్దని. దాని కింద కారణం రాయలేదు. కారణం టీచరు నోటితో చెప్పింది, పిల్లలందరి ముందు, మా పాప డబ్బాలో ఉడికించిన గుడ్డు చూసి. ఆ రోజు ఇంటికొచ్చి "అమ్మా, ఎగ్ డర్టీనా?" అని అడిగింది. కులం అన్న మాట అక్కడ ఎవరూ అనలేదు. పాఠం మాత్రం అయిపోయింది. నేను ఎంత దాచినా దానికి తెలుస్తూనే ఉంది. పేరు ఒక్కటే తెలియదు. పేరు తెలియని అవమానాన్ని పిల్లలు తమ తప్పే అనుకుంటారు. నేను అనుకున్నాను. దోసిలి సరిగ్గా పట్టలేదేమో, అందుకే కొట్టిందేమో అనుకున్నాను.

కాబట్టి చెప్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరు చెప్పాలి అన్నదే ప్రశ్న. నేను చెప్పకపోతే కింద పోర్షన్ చెప్తుంది.

బాబాసాహెబ్ తన చిన్ననాటి సంగతులు రాసుకున్నారు. బడిలో కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవడం, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు తాగడం, అన్నీ రాశారు. తాను అంటరానివాడినని తెలిసే ఆయన బడికి వెళ్లేవారు. తెలియడం వల్ల అవమానం ఆగలేదు, నిజమే. కానీ అది తన తప్పు కాదని తెలిసిన పిల్లాడు ఒకలా పెరుగుతాడు, తెలియని పిల్లాడు ఇంకోలా పెరుగుతాడు.

ఇక్కడ మగ కామ్రేడ్లకి ఒక మాట. "సరే, చెప్పాల్సిందే అయితే నువ్వే చెప్పు, నీకు బాగా చెప్పడం వచ్చు" అన్నాడు మా ఆయన. ఆ సాయంత్రమే ఆయనకి మీటింగ్ ఉంది. విషయం హిందూ కోడ్ బిల్లు. ఆ బిల్లును పక్కన పెట్టినందుకు అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదిలేశారని చాలా బాగా మాట్లాడతాడు. సింకులో గిన్నెలు, బకెట్‌లో పాప బట్టలు, దాని ప్రశ్న, మూడూ నాకు వదిలేసి వెళ్లాడు. నాలుగున్నరేళ్లలో నేను వెళ్లిన మీటింగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లకి కులం గురించి చెప్పడం కూడా ఉయ్యాల ఊపడంలా ఆడవాళ్ల పనే అయిపోతే, మన ఉద్యమం వీధిలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉన్నట్టే. ఇది ఆయనకి చదివి వినిపించాకే పోస్ట్ చేస్తున్నాను. గిన్నెలు ఇప్పుడు ఆయనే కడుగుతున్నాడు. ఒక్క రోజుకి చప్పట్లు కొట్టకండి.

బుధవారం రాత్రి పాపకి చెప్పాను. మా అమ్మ వాళ్ల నాన్న సంగతితో మొదలుపెట్టాను. తాతయ్య తోలు పని చేసేవాడు. అప్పట్లో కరెంటు మోటార్లు లేవు. ఎద్దులు లాగితే మోట బావిలోంచి నీళ్లు పైకొచ్చేవి. ఆ నీళ్లు తెచ్చే తోలు బొక్కెన తాతయ్యే కుట్టేవాడు. చిరిగితే తాతయ్యే వచ్చి బాగుచేయాలి. ఆ నీళ్లతోనే ఊరి చేలన్నీ పండేవి. కానీ తాతయ్యకి దాహమేస్తే ఆ బావిలో చెయ్యి పెట్టనిచ్చేవాళ్లు కాదు. "మనల్ని మాదిగోళ్లు అంటారు. తాతయ్య పని అది. ముట్టుకోవద్దన్నది వాళ్ల తప్పు, తాతయ్య తప్పు కాదు" అన్నాను.

కారంచేడు ఇంకా చెప్పలేదు. 1985 జులైలో మన మంచినీళ్ల చెరువును పాడుచేయొద్దన్నందుకు మొదలైన గొడవ, మున్నంగి సువార్త ఎత్తిన బిందె, మర్నాడు ఆరుగురి చావు. అది చెప్పడానికి మాత్రం నిజంగానే వయసు కావాలి. కానీ ఎప్పుడో ఒకప్పుడు అదీ నా నోటితోనే, వాళ్ల నాన్న నోటితోనే వినాలి. ఆ బిందె గురించి తెలిసిన పిల్ల దోసిలి పట్టదు.

అంతా విని పాప ఒక్కటే అడిగింది. "ఆ తోలు బకెట్ మనింట్లో ఉందా?"

లేదన్నాను.

"మరి ఎక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి.

హాస్టళ్లలో ఉన్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీకెవరు చెప్పారు? అమ్మ చెప్పిందా, బడి చెప్పిందా, ఊరు చెప్పిందా? అప్పుడు మీకు ఎన్నేళ్లు? సిగ్గుపడకుండా రాయండి. అలాగే ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ తాతలు, అమ్మమ్మలు ఏ పని చేశారో, ఆ పనిముట్లు ఏమయ్యాయో అడిగి రాసుకోండి. మన పిల్లలు అడిగేసరికి మన దగ్గర జవాబు ఉండాలి.

గురువారం సాయంత్రం పాప ఎప్పటిలాగే కిందకి ఆడుకోవడానికి వెళ్లింది. నేను ఆపలేదు. చెప్పిందో లేదో అడగలేదు. ఓనరు ఇంకా ఏమీ అనలేదు. అంటే ఆ సంగతి పదో భాగంలో రాస్తాను.

పాప లేచింది. ఉంటాను.

జై భీమ్.