ముఖానికి మసక వేశారు, వాడకి?

పోయిన వారం అద్దె ఇళ్ల మీద రాసినదానికి ఇది కొనసాగింపు అనుకోండి. అందులో ఒక సంగతి రాయలేదు. ఎలా చెప్పాలో తోచక వదిలేశాను.

మా దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి తాండూరులో గది వెతుక్కుంది. ఊరు వికారాబాద్ అవతల. రోజూ ఆటో, రైలు, మళ్లీ నడక. ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఒక గది చూసుకుంది. అద్దె కుదిరింది. అడ్వాన్స్ కూడా మాట్లాడుకున్నారు. ఇంటాయన కులం అడగలేదు. చదువుకున్నవాళ్లు ఇప్పుడు అలా అడగరు. "మీ ఊర్ల ఇల్లు ఏ దిక్కుంటది బిడ్డా?" అన్నాడు. "స్కూలు పక్కకే అంకుల్" అంది. "మీ నాయనను లొకేషన్ పంపియ్యమను. ఆడపిల్లల సంగతి, మాకూ తెల్వాలె కదా" అన్నాడు.

నాయన పంపాడు. ఇంటాయన పిన్ మీద నొక్కి మ్యాపుని వేలితో అటూ ఇటూ జరిపాడు. ఇంటికి నాలుగడుగుల దూరంలో 'అంబేద్కర్ విగ్రహం' అని ఇంకో గుర్తు. దాన్ని నొక్కితే ఏప్రిల్ 14 నాటి ఫొటోలు. నీలి జెండాలు, పూలదండలు, వెనకాల రేకుల ఇల్లు, గడప మీద ఒక ముసలామె. "గీమె ఎవరు?" అని అడిగాడు. "మా నాయనమ్మ" అంది పిల్ల సంబరంగా. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. తమ్ముడి కొడుకు వస్తున్నాడట, గది ఇవ్వలేరట.

ఆ పిల్ల నా దగ్గర ఏడ్చింది గది పోయినందుకు కాదు. "నేనే చెప్పిన సార్, మా నాయనమ్మ అని" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వీధుల ఫొటోలు మ్యాపుల్లో పెట్టడం మీద మన దేశంలో పదిహేనేళ్లుగా చర్చ జరుగుతోంది. గూగుల్ స్ట్రీట్ వ్యూ అమెరికాలో 2007లో మొదలైంది. 2011లో బెంగళూరులో కెమెరా కార్లు తిరగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే పోలీసులు ఆపించారు. 2016లో కేంద్రం అనుమతి ఇవ్వనంది. 2021 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. వీధుల చిత్రాలు తీసే పని భారతీయ సంస్థలకే అన్నారు. 2022 జులైలో జెనెసిస్, టెక్ మహీంద్రా కంపెనీలతో కలిసి గూగుల్ హైదరాబాద్‌తో సహా పది నగరాల్లో స్ట్రీట్ వ్యూ తెచ్చింది. ఇన్నేళ్లలో ప్రభుత్వం అడ్డు చెప్పిన ప్రతిసారీ వినిపించిన కారణం దేశ భద్రత. సైనిక స్థావరాలు కనబడతాయని భయం.

మా జిల్లాలోనే పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ రేడియో స్టేషన్‌కి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. మ్యాపుల్లో ఏ సున్నితమైన వివరాలు చూపించకూడదో కేంద్రం దగ్గర నియమాలున్నాయి. రేడియో స్టేషన్‌కి దాక్కునే హక్కు ఉంది. దాని పక్క మండలంలో రేకుల ఇంటి గడప మీద కూర్చున్న ముసలమ్మకి లేదు.

"ముఖాలు మసక చేస్తున్నారు కదా సార్, బండి నంబర్లు కూడా" అంటారు కుర్రాళ్లు. చేస్తున్నారు. కానీ మన దేశంలో మనిషిని పట్టించేది ముఖం కాదు కదా. తెలుగులో 'ఊరూ వాడా' అని ఒక జంట మాట ఉంది. అందరూ అనే అర్థంలో వాడతాం, కానీ ఆ మాటలోనే రెండు వేరువేరు చోట్లు ఉన్నాయి. ఊరు ఒక దిక్కున, వాడ ఇంకో దిక్కున. మనకు చిరునామా అంటేనే కులం. నాయనమ్మ ముఖం మొత్తం మసక చేసినా, ఆ ఇంటి పక్కన విగ్రహం, ఆ గల్లీ, ఊరి చివరన ఆ చోటు చాలు.

ఇదేదో మనం పుట్టించిన భయం కాదు. జపాన్‌లో బురాకుమిన్ అనే వాళ్లున్నారు. తోలు పని, చచ్చిన పశువుల పని చేసినందుకు అంటరానివాళ్లను చేసిన జనం. మిగతా జపనీయులకీ వీళ్లకీ రూపంలో తేడా లేదు, భాషలో తేడా లేదు. గుర్తుపట్టే దారి ఒక్కటే, ఏ పేటలో పుట్టారన్నది. ఆ పేటల పేర్లు, చిరునామాలతో ఒక జాబితాని గుట్టుగా అమ్ముతున్నారని 1975లో బయటపడింది. కొన్నవాళ్లలో పేరున్న కంపెనీలున్నాయి. ఉద్యోగానికి వచ్చినవాళ్లను వడకట్టడానికి కొన్నారు. 2009లో గూగుల్ ఎర్త్‌లో టోక్యో, ఒసాకాల పాత పటాలు పెట్టినప్పుడు వాటి మీద ఆ అంటరాని పేటల పాత పేర్లు యథాతథంగా కనిపించాయి. నిరసన వచ్చాకే అవి కనబడకుండా పోయాయి. తర్వాత ఒక ప్రచురణకర్త అలాంటి జాబితానే ఇంటర్నెట్‌లో పెడితే బురాకు సంఘం కోర్టుకెళ్లింది. 2021లో టోక్యో జిల్లా కోర్టు తీసేయమంది. 2023లో హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, వివక్షకు గురికాకుండా ఉండే హక్కు మనిషికి ఉందని ఒప్పుకుంది. ఒక పేట పేరు, ఒక చిరునామా మనిషిని ఎంత గాయపరుస్తాయో కోర్టు చేత చెప్పించడానికి వాళ్లకు దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

మన దగ్గర? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. 2018లో శ్రీకృష్ణ కమిటీ ముసాయిదాలో, 2019 బిల్లులో కులం, తెగ 'సున్నితమైన వ్యక్తిగత సమాచారం' కింద ఉన్నాయి. 2023లో చట్టం వచ్చేసరికి ఆ కేటగిరీనే లేదు. సెల్ నంబరు ఎంతో కులమూ అంతే. ఈ మార్పు మీద మనలో ఎంతమందిమి మాట్లాడాం? నేను కూడా మాట్లాడలేదు. అప్పుడు సిలబస్ గొడవలో ఉన్నాను.

ఇంకో మాట. ప్రైవసీ అనే ఆలోచన మొత్తం ఇంటికి నాలుగు గోడలున్నాయనే నమ్మకం మీద నిలబడి ఉంది. జర్మనీలో 2010లో దాదాపు 2 లక్షల 44 వేల ఇళ్లవాళ్లు మా ఇల్లు మసక చేయండని గూగుల్‌ని అడిగారు. మంచిదే. గోడ లోపల నాది, గోడ బయట వీధిది, వీధిలోది ఎవరైనా చూడొచ్చు అన్నది దాని లెక్క. మన వాడలో ఒక్క గది ఇంట్లో ఆరుగురు. వంట బయటే, అంట్లు బయటే, పండుముసలి మంచం బయటే. స్నానం నాలుగు కర్రలకు కట్టిన పాత చీర చాటున. తాండూరు చుట్టూ బండల పాలిషింగ్ పని చేసొచ్చినవాళ్లు ఒంటి మీది తెల్ల దుమ్ము కడుక్కునేది వీధిలోనే. మన ఇల్లు వీధిలోకి పొంగి ఉంటుంది. వీధి అందరిదీ అని ఎవరన్నా అంటే, మన సగం ఇల్లు అందరిదీ అని అర్థం.

పేదవాళ్ల మీద కెమెరా పెట్టడానికి ఈ దేశంలో అనుమతి అడిగే అలవాటు ఎప్పుడూ లేదు. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో తప్పనిసరి చేశారు, ఎక్కడ తీశారో లొకేషన్‌తో సహా. ఫొటో ఎక్కకపోతే కూలి లేదు. స్వచ్ఛ భారత్ పేరుతో బహిర్భూమికి వెళ్లిన ఆడవాళ్ల ఫొటోలు తీశారు. 2017 జూన్‌లో రాజస్థాన్ ప్రతాప్‌గఢ్‌లో అలా ఫొటోలు తీస్తున్న మున్సిపాలిటీ సిబ్బందిని అడ్డుకున్న జాఫర్ ఖాన్ అనే కార్యకర్త చనిపోయాడు. కొట్టి చంపారని కుటుంబం అంది, గుండె ఆగిందని అధికారులన్నారు.

అయితే ఒక అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయలేను. మా ఉద్యమ మిత్రుడొకరు ఫోన్ చేసి గట్టిగానే అడిగాడు. "ఫొటోనే కదా అన్నా మన ఆయుధం. ఉత్తపురం గోడ ఫొటోలు లేకపోతే లోకానికి ఎట్ల తెలిసేది?" నిజమే. తమిళనాడు ఉత్తపురంలో కులం గోడలో కొంత భాగాన్ని 2008 మేలో కూల్చారంటే, అది అందరికీ కనబడేలా చేసినందువల్లే. మ్యాపులో మన వాడ లేకపోతే 108 బండి ఊరి బస్టాండ్ దాకా వచ్చి ఆగిపోతుంది. మనల్ని మ్యాపు నుంచి చెరిపేయమని నేను అనడం లేదు. ఊరు మనల్ని చెరిపింది చాలు.

కానీ గోడ ఫొటో గోడ కట్టినవాళ్ల గురించి చెబుతుంది. గడప ఫొటో గడప మీద కూర్చున్నవాళ్ల గురించి చెబుతుంది. ఈ తేడా కంపెనీకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ దానికి లేదు. మసక చేయించుకోవాలంటే ఎవరింటివాళ్లు వాళ్లే ఆన్‌లైన్‌లో అడగాలి, బొమ్మ మీద ఇల్లు ఎక్కడో గుర్తించి చూపాలి. వాడలో ఒక్క ఇల్లు మసక చేస్తే ఏం లాభం? అడిగే హక్కు వాడ మొత్తానికి ఉమ్మడిగా కావాలి. కెమెరా రాకముందే అడిగే పద్ధతి కావాలి. కులాన్ని మళ్లీ సున్నితమైన సమాచారంగా చట్టంలో రాయాలి. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మూడింటి మీద ఒక ముసాయిదా మొదలుపెడితే నేను తెలుగు చేస్తాను.

ఆ ఫొటో పెట్టింది ఎవరో తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి చిన్నాన్న కొడుకే. తీసేయమని అడిగితే వాడికి కోపం వచ్చిందట. "చందాలేసుకొని పెట్టుకున్న విగ్రహం అక్కా. వాడు గది ఇయ్యనంటే మనం ఫొటో తీసేస్తమా?" అన్నాడట.

ఆ పిల్ల ఇంకా రైల్లోనే వస్తోంది. మొదటి పీరియడ్ నాదే. రైలు లేటైన రోజు హాజరు నేను ఆఖర్న వేస్తున్నాను.

జై భీమ్.