ఒక్క తేదీకి వేలాడే చదువు

డిజిటల్ మీడియా విద్యార్థి ఒక వ్యాసాన్నో వీడియో కథనాన్నో గడువులోగా సమర్పించలేకపోతే దానిని బద్ధకం ఖాతాలో వేయడం కర్నూలు, కడప కళాశాలలలోనే కాదు, అంతటా ఉన్న అలవాటే. బద్ధకస్తులు ఏ తరగతిలోనైనా ఉంటారు. కానీ తరగతిలో సగానికి సగం మంది చివరి రెండు రోజులలోనే పని మొదలుపెడుతున్నారంటే, కారణాన్ని వారి స్వభావంలో కాక పనిని పురమాయించే తీరులో వెతకవలసి ఉంటుంది.

ముందుగా గంటల లెక్క చూడాలి. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధాన పత్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే తరగతి, ప్రయోగశాల, ఇంటిపని అన్నీ కలిపి విద్యార్థి వెచ్చించవలసిన 30 గంటల శ్రమ. సెమిస్టరుకు 20 క్రెడిట్లు ఉంటే మొత్తం 600 గంటలు, అంటే 15 వారాల సెమిస్టరులో వారానికి 40 గంటలు. ప్రొద్దుటూరు, మైదుకూరుల నుంచి కడపకో, డోన్, కోడుమూరుల నుంచి కర్నూలుకో రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చిపోయే విద్యార్థికి రెండు మూడు గంటలు దారిలోనే గడిచిపోతాయి; అవి ఏ క్రెడిట్‌లోనూ చేరవు. సాయంత్రం ఇల్లు చేరాక పశువుల పనో అంగడి పనో ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

డిజిటల్ మీడియా పని స్వభావం ఈ లెక్కను ఇంకా జటిలం చేస్తుంది. చరిత్ర విద్యార్థి వ్యాసానికి గ్రంథాలయం, కాగితం చాలవచ్చు. ఈ విద్యార్థి మాత్రం మనుషులను కలవాలి, చిత్రీకరించాలి, మాటలను అక్షరాలలోకి ఎక్కించాలి, కత్తిరించి కూర్చాలి, ఆపైన రెండరింగ్ పూర్తయ్యేదాకా, అంటే కూర్చిన దృశ్యాలన్నిటినీ కంప్యూటరు ఒకే ఫైలుగా మలిచేదాకా, వేచి ఉండాలి. ఒక గంట సంభాషణను అక్షరబద్ధం చేయడానికి నాలుగు గంటలు పట్టడం సాధారణం. పైగా కథ విద్యార్థి కోసం ఆగదు. జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు చేలలో జనం వజ్రాల కోసం వెతికేది తొలకరి వానలు పడ్డాక. ఆ అంశాన్ని ఆ కాలం దాటాక కేటాయిస్తే విద్యార్థికి మిగిలేది ఇతరులు తీసిన దృశ్యాలే. కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వెళ్లే వలస, అక్కడివారి మాటలో సుగ్గి, ఊళ్లను ఖాళీ చేసే నెలలలో ఆ ఊళ్లపై కథనం రాయమనడం ఒక రకంగా మంచి పాఠమే. కానీ అలా వలస వెళ్లినవారిలో విద్యార్థి తల్లిదండ్రులే ఉంటే, తమ్ముళ్ల అన్నం మొదలు ఇంటి బాధ్యత అంతా గడువు ఉన్న రోజులలోనే అతని మీద పడుతుంది.

భాష మరో అదృశ్య శ్రమ. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. రైతు సీమ యాసలో చెప్పినదానిని విని, అర్థం చెడకుండా ఇంగ్లీషు నివేదికగా మలచడం వాస్తవానికి రెండు పనులు, గడువు మాత్రం ఒక్కటే. తెలుగులో రాసినా సుఖం లేదు: డీటీపీ కేంద్రాలలో అను ఫాంటులో కొట్టించిన పాఠాన్ని అంతర్జాలానికి కావలసిన యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన ఒత్తులనూ గుణింతాలనూ ఒక్కొక్కటిగా సరిదిద్దుకోక తప్పదు.

దీనికి అధ్యాపకులు చెప్పే సమాధానం బలమైనదే. పత్రికా కార్యాలయంలో గడువంటే గడువే, రేపటి ఉద్యోగానికి ఈ కాఠిన్యమే శిక్షణ అంటారు. అయితే జిల్లా అనుబంధాలు వచ్చాక, అంటే 1989లో ఈనాడు ఆ పద్ధతి మొదలుపెట్టిన నాటినుంచి, మండల విలేకరి పని ఎలా సాగిందో గమనిస్తే ఈ వాదన సగమే నిజమని తేలుతుంది. అక్కడ ఉన్నది ఒకే గడువు కాదు. విలేకరి వార్త పంపే వేళ వేరు, ఉప సంపాదకుడు దిద్దే వేళ వేరు, పేజీ కట్టే వేళ వేరు, అచ్చుకు వెళ్లే వేళ వేరు. ప్రతి మెట్టు దగ్గరా తర్వాతి మనిషి ఎదురుచూస్తూ, ఆలస్యమైతే ఫోన్ చేస్తూ ఉంటాడు. కళాశాల ఆ వ్యవస్థ నుంచి కాఠిన్యాన్ని మాత్రమే తెచ్చుకుని మెట్లను వదిలేసింది. విద్యార్థి వ్యాసం కోసం చివరి రోజు దాకా ఎవరూ ఎదురుచూడరు.

మెట్లు లేనిచోట మనిషి తన వేగాన్ని తాను ఎక్కువగా ఊహించుకుంటాడు. పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేసే ఈ ధోరణిని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రణాళికా భ్రమగా గుర్తించారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ప్రచురించిన అధ్యయనంలో ఆనర్స్ పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజులలో ముగిస్తామని చెప్పి 55 రోజులకు పైగా తీసుకున్నారు. చెప్పిన రోజుకు ముగించినవారు మూడో వంతు కూడా లేరు.

ఈ భ్రమకు మూల్యం నకలు రూపంలో చెల్లుతోంది. గడువు ముంచుకొచ్చిన రాత్రి కళాశాల ఎదుటి జిరాక్స్ కేంద్రంలో నిరుటి ప్రాజెక్టు నివేదికకు కొత్త అట్ట వేసినా, కృత్రిమ మేధతో వ్యాసం రాయించినా అడిగే నిబంధన బలహీనం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు సిద్ధాంత గ్రంథాలకు 10 శాతం పోలికను హద్దుగా పెట్టాయి గానీ అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, కోర్సు వ్యాసాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. అందువల్ల డిగ్రీ స్థాయిలో నకలును ఆపగలిగేది శిక్ష కాదు, పని జరుగుతుండగానే దానిని చూసే కన్ను.

ఆ కన్నుకు కావలసిన సాధనం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఉంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి తెచ్చిన డిగ్రీ ప్రణాళికలో రెండు వేసవులలో రెండేసి నెలలు, ఆపై ఒక పూర్తి సెమిస్టరు, మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. దానికి లాగ్‌బుక్, అంటే ఏ రోజు ఏం చేశారో ఆ రోజే రాసి వారం చివర నివేదిక జోడించే పుస్తకం, ఉంది. ఇది పత్రికా కార్యాలయపు మెట్లకు సరైన విద్యారూపం. చివరి రోజున అన్ని వారాలనూ ఒకే విడతలో నింపి, సంతకాలూ ఒక్కసారే చేయించుకునే చోట మాత్రం అది ఉత్త కాగితం.

అదే పుస్తకాన్ని సెమిస్టరు వ్యాసాలకూ వీడియో కథనాలకూ విస్తరించి, అంశం ఎంపిక, సంభాషణల పాఠం, తొలి ప్రతి అనే మూడు చోట్ల తేదీ పెట్టి, అంతర్గత మార్కులలో కొంత భాగాన్ని ఆ తేదీలకే కేటాయించడానికి కొత్త చట్టం గానీ కొత్త నిధులు గానీ అవసరం లేదు. ఒకే శాఖలోని అధ్యాపకులు సెమిస్టరు మొదటి వారంలో కూర్చుని తమ గడువులన్నీ ఒకే పక్షంలో పడకుండా చూసుకుంటే విద్యార్థి భారంలో పెద్ద భాగం అక్కడే తగ్గుతుంది. విద్యార్థి వంతు కూడా లేకపోలేదు: తేదీ నుంచి వెనక్కి లెక్కించి, ముందు చిత్రీకరణ రోజును, అది కూడా బస్సు వేళలూ వానలూ చూసుకుని, ఖరారు చేసుకోవాలి. అయితే ఆ లెక్క నేర్పవలసిన మొదటి పాఠం పాఠ్యప్రణాళికలో ఎక్కడా కనిపించకపోగా, గడువు తప్పితే ఎన్ని మార్కులు కోతపడతాయో మాత్రం తొలి తరగతిలోనే చెబుతున్నారు.