లాగేది తాడు, భరించేది చట్రం

ఏ ఊరి రథోత్సవంలోనైనా ఒక సంగతి గమనించవచ్చు. రథం ఎంత ఎత్తు లేచినా, దానికి ఎన్ని పతాకలు, ఎన్ని తోరణాలు అలంకరించినా, భక్తులు లాగే మోకును వాటిలో దేనికీ కట్టరు. మోకు పోయి అడుగున ఇరుసులను మోసే మొద్దు దూలాలకు ముడిపడుతుంది. సొగసు పైన, బలం క్రింద. ఇది తెలియని రథకారుడు ఉండడు. కాని తన జీపుకు తానే ఇంటివద్ద వించి పీఠం చేసుకోబూనిన గృహస్థు మాత్రం దీనిని తరచు మరచిపోతుంటాడు.

వించి అనగా విద్యుత్ మోటారుతో తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన తాడు. బండి బురదలో దిగబడినప్పుడు తాడు కొసను ఎదుటనున్న చెట్టుకు తగిలించి మీట నొక్కితే, డ్రమ్ము తాడును చుట్టుకొంటూ బండిని ఒడ్డుకు చేరుస్తుంది. బావి గిలకకూ దీనికీ దగ్గరి చుట్టరికమే. గిలకను మోసే దుంగలు పుచ్చినవైతే చేదకంటె ముందు గిలకే నూతిలో పడుతుంది. వించికి ఆ దుంగల వంటిది దాని పీఠం. మెకానిక్కులు దానినే మౌంటు అంటారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసి, సైన్యం వదిలించుకొన్న జీపులు సామాన్యుల చేతికి వచ్చిన రోజులలో ఈ కథ మొదలైంది. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ ఆ జీపుల ముందు చక్రాలకు లాకింగ్ హబ్బులు తయారుచేసే సంస్థను నెలకొల్పాడు. ఆ సంస్థే 1959లో విహారబండ్లకు పనికివచ్చే విద్యుత్ వించిని విడుదల చేసింది. 1997లో మలేషియాలో ఆరంభమైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీ 2014లో గోవా వానలలోకి అడుగుపెట్టిన తరువాత మన దేశంలోనూ వించిపై మక్కువ పెరిగింది. ఐతే కొడగు, వయనాడు తోటల ఏటవాలు దారులలో తిరిగే బండ్లకు అది వినోదవస్తువు కాదు. ఆషాఢపు వర్షంలో తోటలో చిక్కిన బండికి తనను తాను పైకి లాగుకొనే శక్తి ఉండడం ఒక అవసరం.

వించిని అంగడిలో కొనవచ్చు. ప్రతి బండికీ సరిపోయే పీఠం మాత్రం అంగడిలో దొరకదు. 1985లో మన రోడ్లపైకి వచ్చిన మారుతి జిప్సీ వంటి పాత బండ్లను ప్రాణప్రదంగా కాపాడుకొనేవారు ఎందరో ఉన్నారు. వారిలో చేతిపని తెలిసినవారు గ్రైండరు, డ్రిల్లింగు మిషను, వెల్డింగు సెట్టు సమకూర్చుకొని పెరటిలోనే పనికి ఉపక్రమిస్తారు. ఆ ఉత్సాహం మెచ్చదగినదే. కాని పని మొదలయ్యేది ఇనుముతో కాదు, కాగితంతో.

కాగితం మీది లెక్క

నిండు బరువుతో జిప్సీ సుమారు 1,600 కిలోలు తూగుతుంది. వించి శక్తి బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది అందరూ పాటించే నియమం. ఆ లెక్కన 2,400 కిలోలు కావాలి. అంగడిలో ఆరువేల పౌన్ల వించి, అనగా 2,720 కిలోలు లాగగలది, దీనికి సరిపోతుంది.

ఈ ఒకటిన్నర రెట్ల అవసరమేమిటి? చక్రాల లోతున కూరుకుపోయిన బండి దాదాపు తన బరువంత శక్తితో ఎదురు తిరుగుతుందనీ, మడ్‌గార్డుల లోతున కూరుకుపోతే అందుకు రెట్టింపవుతుందనీ అమెరికా సైన్యపు రికవరీ పాఠాలు చెబుతాయి. మడ్‌గార్డుల దాకా దిగిన జిప్సీ పట్టు 3,200 కిలోలన్నమాట. అప్పుడు వించి లాగలేక మూలుగుతూ ఆగిపోతుంది. ఆ ఆగిన క్షణమే పీఠానికి అసలు పరీక్ష. బండి కదలదు, చెట్టు కదలదు, వించి శక్తి యావత్తూ పీఠం మీదనే నిలుస్తుంది. కనుక బండి బరువును చూసి కాక, వించి పూర్తి శక్తిని చూసి పీఠాన్ని తయారుచేయాలి.

ఇంకొక లెక్క ఉన్నది. సాధారణంగా తప్పిపోయేది ఇదే. పీఠాన్ని చట్రానికి బిగించే బోల్టులకంటె తాడు లాగే రేఖ పైన ఉంటుంది. ఆ ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకొందాం. అప్పుడు తాడు పీఠాన్ని ముందుకు లాగడంతో ఆగదు, ముందుకు బోర్లా పడవేయజూస్తుంది. ముందు బోల్టులు క్రిందికి అణగుతాయి, వెనుక బోల్టులు పైకి లేవజూస్తాయి. ముందు వెనుక బోల్టుల మధ్య దూరం 10 సెంటీమీటర్లే అయితే, ఒక్కొక్క ప్రక్కన ఈ ఎత్తిపోత 2,040 కిలోలవుతుంది. అదే పీఠపు చేతులను చట్రం వెంట వెనుకకు చాచి ఆ దూరాన్ని 30 సెంటీమీటర్లు చేస్తే, భారం 680 కిలోలకు దిగుతుంది. లావు బోల్టు వేయలేదు, మేలురకం ఉక్కు కొనలేదు, చేతులను పొడిగించడం తప్ప మరేమీ చేయలేదు. మూడింట రెండువంతుల భారం తగ్గింది. బరువును ఎదిరించడంకంటె దానికి దారి చూపడం మేలు.

తాడు ఎప్పుడూ తిన్నగా ఎదుటికే పోదు. చెట్టు ప్రక్కన ఉంటే చట్రపు రెండు కమ్మీలలో ఒకదానిపై భారం ఎక్కువవుతుంది, రెండూ ప్రక్కకు వంగజూస్తాయి. అందుచేత ఆ కమ్మీలను కలుపుతూ పీఠంలోనే ఒక బలమైన అడ్డకమ్మీ ఉండాలి. బంపరు ఈ పనికి పనికిరాదు. అది రథం మీది తోరణం వంటిది.

అట్ట నుండి ఇనుముకు

లెక్క కుదిరిన తరువాత అట్ట కావాలి. దళసరి అట్టతో పీఠపు ప్రతి ముక్కనూ కత్తిరించి, బండి ముందు నిలబెట్టి చూడడం అనుభవజ్ఞుల పద్ధతి. అట్ట తప్పితే నష్టం అణా పైసలు. ఇనుము తప్పితే రోజంతా వృథా. క్లచ్చి మీట తిప్పడానికి చేయి పడుతుందా, స్పానరు తిరగడానికి చోటున్నదా, తాడు డ్రమ్ముపై ఎలా చుట్టుకొంటున్నదో కనబడుతుందా, నంబరు పలకకూ దీపాలకూ అడ్డు వస్తున్నదా, రేడియేటరుకు గాలి ఆడుతుందా అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు అట్ట దగ్గరే తేలిపోవాలి. అందంగా మూసివేసిన పీఠంలో వించిని అమర్చి, ఆ తరువాత దాని మీట తిరగక, మరల గ్రైండరుతో కోసినవారి సంఖ్య తక్కువేమీ కాదు.

పీఠానికి సాధారణంగా 6 మిల్లీమీటర్ల మెత్తటి ఉక్కు పలక వాడతారు. జిప్సీ వంటి బండ్ల చట్రం బోలుగా, పెట్టెవలె ఉంటుంది. దానికి అడ్డంగా రంధ్రం చేసి బోల్టు బిగిస్తే పెట్టె గోడలు లోనికి నొక్కుకొంటాయి. బిగించిన కొద్దీ నొక్కుకొని, నొక్కుకొన్న కొద్దీ బోల్టు వదులవుతుంది. దీనికి విరుగుడు సులభం. పెట్టె వెడల్పుకు సరిపడే దళసరి గొట్టపు ముక్కను రంధ్రంలో నిలిపి, దాని గుండా బోల్టు పోనివ్వాలి. అప్పుడు బిగింపును గొట్టం భరిస్తుంది. చట్రపు పై అంచునా క్రింది అంచునా రంధ్రాలు చేయరాదు. వంపును ఎదిరించే బలమంతా ఆ అంచులలోనే ఉంటుంది. ప్రక్క గోడ నడుమనో, తయారీదారు ముందే ఉంచిన రంధ్రాలలోనో బోల్టు వేయడం క్షేమం. బోల్టులు 8.8 అని తలపై ముద్ర ఉన్నవై ఉండాలి.

వించి పాదాలను బిగించే బోల్టుల పొడవు కూడా చిన్న విషయం కాదు. పొట్టిదైతే మరలు రెండుమూడే పట్టి, లాగుడుకు ఊడివస్తుంది. మరీ పొడవైతే లోపల అడుగు తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్లే తోస్తుంది, పాదం మాత్రం వదులుగానే ఉంటుంది.

నిప్పు చేసే వంకర

వెల్డింగు ఇనుమును కలుపుతుంది, వంచుతుంది కూడా. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకొని పలకను తనవైపు లాగుకొంటుంది. ఆ వంకర కంటికి కనబడకపోయినా వించికి తెలిసిపోతుంది. మోటారు, డ్రమ్ము, గేరుపెట్టె అనే మూడు భాగాలను కమ్మీలతో జతపరచిన యంత్రమది. వంకర పలకపై బిగిస్తే మూడూ ఒక వరుసలో నిలువక, డ్రమ్ము బిగుసుకొని మోటారు వేడెక్కుతుంది. నేరం వించిది కాదు, దానిని కూర్చోబెట్టిన పీటది.

కనుక వించి పాదాల కొలతలకు సరిపడే మొద్దు కమ్మీ ఒకటి చేసి, వెల్డింగు జరుగుతున్నంతసేపూ దానిని పలకకు బిగించి ఉంచాలి. అసలు వించిని మాత్రం ఆ చోట ఉంచరాదు. ముందు అక్కడక్కడ చుక్కలవలె అతికి, కొలిచి, ఆపైన ఈ ప్రక్క కొంత, ఆ ప్రక్క కొంతగా వెల్డింగు పూర్తిచేయాలి. బండి చట్రానికి నేరుగా వెల్డింగు చేయకపోవడమే మంచిది. బండి మీద పని తప్పనిసరియైతే బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు గొట్టాలకూ బ్రేకు గొట్టాలకూ దూరంగా ఉండాలి. జింకు పూత ఉన్న ఇనుమును కాల్చరాదు. ఆ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వచ్చిపడుతుంది.

ఇంతటి భారాన్ని మోసే అతుకు వేయడం నేర్చుకొనేవారి పని కాదు. కొలతలు, కోతలు, రంధ్రాలు ఇంటివద్ద ముగించి, చివరి వెల్డింగును నిపుణుడైన వెల్డరు చేత చేయించుకొన్న గృహస్థుకు చిన్నతనమేమీ లేదు. అతుకులో సన్నని పగులున్నదేమో చూడడానికి ఎర్రరంగు ద్రవం, దానిపై తెల్లని పొడి చల్లే పరీక్ష వర్క్‌షాపులలో ఉన్నదే. పగులుంటే తెలుపుపై ఎర్రని గీత తేలుతుంది.

పరీక్షాకాలం

పీఠానికి రంగు వేయడం అందానికి మాత్రమే కాదు. వంపు వచ్చిన చోట రంగు పెళ్ళలు లేస్తుంది. బోల్టు తలనుండి పలక దాకా ఒక తెల్లని గీత గీస్తే, బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి చూపుతుంది. మొదటి పరీక్ష బురదలో పెట్టరాదు. స్వల్పమైన వాలులో బండిని వించితోనే పైకి లాగించి, గీతలనూ రంగునూ చూసి, బోల్టులను మరల బిగించి, తరువాత కొంచెం నిటారు వాలుకు పోవాలి.

లాగుడు చాలనప్పుడు తాడును చెట్టుకు కట్టిన కప్పీ గుండా త్రిప్పి, కొసను తిరిగి బండికే తగిలిస్తారు. శక్తి రెట్టింపవుతుంది. కొసను తగిలించే కొక్కెం చట్రానికి వేరుగా బిగించినదై ఉండాలి. దానిని కూడా వించి పీఠానికే అతికితే, రెట్టింపు భారమంతా ఒక్క పీఠం మీద పడుతుంది. చెట్టుకు ఉక్కుతాడు కాక వెడల్పైన పట్టీ చుట్టాలి. బెరడు చుట్టూ తెగిన చెట్టు ఎండిపోతుంది. ఆపదలో ఆదుకొన్నదానికి అది ప్రత్యుపకారం కాదు.

పని జరుగుతున్నప్పుడు తాడు పొడవుకు మించిన దూరంలో అందరూ నిలబడాలి. తాడుపై బరువైన దుప్పటి కప్పాలి. సాగి బిగిసిన ఉక్కుతాడు తెగితే కొరడావలె వెనుకకు వస్తుంది. పీఠం ఊడితే ముప్పై కిలోల ఇనుము ఎగిరివస్తుంది. ఆ దారిలో ఉండేది చాలసార్లు బండి యజమాని కాదు. అతడు చక్రం వెనుక కూర్చొని ఉంటాడు. ఎదుట నిలిచి "ఇంకా లాగు, ఇంకా లాగు" అని చేయి ఊపుతూ ఉండేది సాయానికి వచ్చిన స్నేహితుడో, తోటలో పనిచేసే కుర్రవాడో.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను బండి స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ అనుమతి లేని క్రాష్‌గార్డులపై చర్య తీసుకొనవలసిందని రాష్ట్రాలకు వ్రాసింది. 2019 సవరణ ప్రకారం అనధికారమైన ప్రతి మార్పుకు యజమానికి ఐదువేల రూపాయల జరిమానా, ఆరు నెలలవరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇందులో న్యాయం లేకపోలేదు. బండి ముందు పొడుచుకువచ్చిన ఇనుము పాదచారికి ప్రాణాంతకం. ఎయిర్‌బ్యాగులున్న కొత్త బండ్లలోనైతే ముందుభాగం నలిగి దెబ్బను తనలో ఇముడ్చుకొనే ఏర్పాటుకు అది భంగం కలిగిస్తుంది. కాబట్టి ఇనుము కొనడానికి ముందు రవాణా కార్యాలయంలో విచారించుకోవడం, ప్రజల రోడ్డుపై పీఠం అంచు బంపరును దాటకుండా చూసుకోవడం యజమాని విధి.

ఇంటి పెరటిలో తయారైన వస్తువుకు పెరటితోనే సంబంధం ఉండదు. అది ఒక వానకాలపు సాయంత్రం, చీకటి పడుతున్న వేళ, ఎక్కడో ఒక వాలులో తన పని తాను చేయవలసి వస్తుంది. దానిని చేసిన మనిషి అప్పుడు దానికి ఏమీ సాయం చేయలేడు. చేయవలసిన సాయమంతా ముందే, వెలుతురులో, కొలబద్ద చేతపట్టుకొని చేసి ఉండాలి.