మోర్‌బాత్ చర్చి లెక్కల పుస్తకము

దేశచరిత్రములను జదువునపుడు మనకు రాజుల పేరులును, యుద్ధముల పేరులును విరివిగా గానవచ్చును. ఆ రాజుల యాజ్ఞలు ఒక చిన్నపల్లెను జేరినపుడు అచ్చటి గృహిణుల కేమి సంభవించెనో తెలుపు గ్రంథములు మాత్రము మిక్కిలి యరుదు. అట్టి గ్రంథ మొకటి ఇంగ్లాండు దేశమున గలదు. అది కావ్యము గాదు, చరిత్రమును గాదు. ఒక పల్లెటూరి చర్చి యొక్క ఆదాయవ్యయముల పుస్తకము. ఈ మాసమున దానిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

ఇంగ్లాండునకు నైరృతిదిశ నున్న డెవను మండలములో, ఎక్స్‌మూర్ అను మెరకభూముల దక్షిణపు టంచున, మోర్‌బాత్ అను గ్రామము కలదు. పదునాఱవ శతాబ్దిలో అచ్చట 33 కుటుంబములు మాత్రమే యుండెను. పొలముపనియు గొఱ్ఱెల పెంపకమును వారి జీవనము. ఆ దేశమంతయు పారిషులుగా విభజింపబడి యుండెను. ఒక్కొక్క పారిషునకు ఒక చర్చి, ఒక గురువు. చర్చి సొత్తును గనిపెట్టుటకు ఏటేట ఊరివారిలోనుండియే వార్డెనులు ఏర్పడుచుండిరి. వారిని మన దేవాలయముల ధర్మకర్తలవంటివారని యెంచవచ్చును.

1520లో క్రిస్టఫర్ ట్రికీ అను గురువు ఈ గ్రామమునకు వచ్చెను. 1574లో మరణించువఱకు 54 ఏండ్లు ఆయన అచ్చటనే యుండెను. వార్డెనుల లెక్కలను ఆయనయే స్వహస్తముతో వ్రాసి, సంవత్సరమున కొకమాఱు ఊరివారి యెదుట బిగ్గరగా జదివి వినిపించుచుండెను. ఎవరేమి యిచ్చిరో, ఎంత ఖర్చయ్యెనో, ఎవరు బాకీపడిరో, అన్నియు అందు గలవు.

ఆ చర్చిలో పలువురు పునీతుల ప్రతిమలుండెను. ఒక్కొక్క ప్రతిమ యెదుట దీపము వెలిగించుటకు ఒక్కొక్క నిధి యుండెను. వీనిలో గొన్నిటికి గొఱ్ఱెలుకూడ నుండెను. ఆ గొఱ్ఱెలను ఊరివారు తమ మందలలో జేర్చి మేపుచుండిరి. ఉన్ని యమ్మగా వచ్చిన సొమ్ము నిధికి జేరును. మనకు విశేషముగా దోచునది కన్యల నిధి. ఊరిలోని పెండ్లికాని పడుచులు తమలోనుండియే వార్డెనులను ఎన్నుకొని, సొమ్ము వసూలుచేసి, లెక్క యొప్పజెప్పుచుండిరి. పెద్దవార్డెను పదవి ఇండ్లవెంట వంతులచొప్పున దిరుగుచుండుటచే స్త్రీలకును లభించుచుండెను.

ట్రికీగారికి సెయింట్ సిడ్వెల్ అను పునీతురాలియెడ మిక్కిలి భక్తి. ఆమె ఎక్సెటరు పట్టణపు కన్య. ఆమె యాస్తి నాశించిన సవతితల్లి కోతవాండ్రచే నామెను కొడవలితో జంపించెనని కథ. ఆ ప్రతిమకు వెండిపాదుక చేయించుటకై ఊరివారిచ్చిన జపమాలలును, ఉంగరమును కరగింపబడెను. కొందఱు తమ కుమార్తెలకు ఆమె పేరు పెట్టుకొనిరి. ఉంగర మెంత చిన్నదైనను గురువు దానిని ఇచ్చినవారి పేరుతో లెక్కలో వ్రాసెను. అందుచేతనే ఐదువందల యేండ్లు గడచినను ఆ పేరులు నేడు మనకు దెలియుచున్నవి.

మఱియొక సంగతి వినుడు. మృతుల ఆత్మశాంతికై చేయు పూజలో ధరించుటకు నల్లని వస్త్రములు గావలెనని గురువు తలచెను. బీదగ్రామమునకు అది గొప్పఖర్చు. తనకు రావలసిన ఉన్ని భాగమును వదలుకొని, దాతల పెన్నీలను గూడబెట్టి, సుమారు ఇరువది యేండ్లకు, 1547లో ఆ వస్త్రములను గొనగలిగెను. ఆ సంవత్సరముననే ఎనిమిదవ హెన్రీ మరణించి తొమ్మిదేండ్ల బాలుడు ఆఱవ ఎడ్వర్డు రాజయ్యెను.

మార్పు అంతకు ముందే ప్రారంభమైనది. 1534లో హెన్రీ పోపు నధికారమును త్రోసిపుచ్చెను. 1538లో ప్రతిమల యెదుట దీపములు వెలిగింపరాదని యాజ్ఞ వెలువడెను. దీపమే లేనిచో దీపనిధి యేల? ఇట్లు పడుచుల నిధియు అంతరించెను. ఎడ్వర్డు కాలమున ప్రతిమలును దొలగింపబడెను. 1548లో పెద్దవార్డెనుగా నున్నది లూసీ సీలీ అను స్త్రీ. తరతరముల కూడికను విడిచిపెట్టవలసిన భారము ఆమె వంతునకు వచ్చెను. ఆమె కాలము మొదలుకొని చర్చికి ఇచ్చుట లేదు, చర్చినుండి పోవుటయే యని గురువు పిమ్మట వ్రాసికొనెను. 1549లో వచ్చిన క్రొత్త ప్రార్థనగ్రంథముతో నల్లవస్త్రముల పూజయు నిలిచిపోయెను. ఇరువది యేండ్ల కూడిక రెండేండ్లకైన నుపయోగపడలేదు.

ఆ గ్రంథము ఇంగ్లీషుభాషలో నుండెను. అంతకుముందు ప్రార్థన లాటినులో జరుగుచుండెను. తన భాషలో దైవమును బ్రార్థించుట మేలేగదా యని మనకు దోచును. ఆ మేలును గోరినవారును ఆ దేశమున ననేకులుండిరి. కాని డెవను, కార్న్‌వాలు రైతులు దానిని బలవంతపు మార్పుగా నెంచి తిరుగబడి ఎక్సెటరును ముట్టడించిరి. మోర్‌బాత్ గ్రామము ఐదుగురు యువకులకు సొమ్మిచ్చి ఆ దండునకు బంపెను. ఆ ఖర్చును గురువు లెక్కలోనే వ్రాసెను! ఆగష్టులో రాజసైన్యము ముట్టడిని ఛేదించెను. ఆ తిరుగుబాటున వేలకొలది జనులు మడిసిరి. ఆ యైదుగురి తల్లులు ఎట్టి రాత్రులు గడపిరో ఏ లెక్కలోను లేదు.

1553లో మేరీరాణి సింహాసనమెక్కి ప్రాతమతమును నిలిపెను. అప్పుడు మోర్‌బాత్ ఇండ్లలోనుండి దాచియుంచిన వస్తువులు ఒక్కొక్కటిగా బయటికి వచ్చెను. ఒకరింటినుండి ప్రతిమ, ఒకరింటినుండి పుస్తకము, మఱియొకరింటినుండి అలంకారపు సామగ్రి. ఏ పెట్టెలో, ఏ యటుకమీద, ఏ గడ్డివామిలో నవి యుండెనో మన మూహింపవలసినదే. ఇల్లాలి కెఱుకలేకుండ ఇంటిలో వస్తువు దాగునా? 1558లో ఎలిజబెత్తు రాణికాగా ఆ వస్తువులు మరల చర్చినుండి తొలగింపబడెను. ట్రికీగారు మాత్రము గ్రామమును విడువలేదు. నలుగురు రాజుల కాలమున మారిన ఆజ్ఞలన్నిటికిని లోబడి అదే జనమును సేవించి అచ్చటనే కన్నుమూసెను. దీనిని పిఱికితన మందురా, ఊరియెడ నిష్ఠ యందురా? మాకు రెండవదియే యుక్తముగ దోచుచున్నది. ఆయనయే వెడలిపోయినచో ఆ 33 ఇండ్ల కష్టసుఖముల నెవరు వ్రాసియుందురు?

తరువాతి శతాబ్దములలో పారిషు చర్చి పని పలువిధముల మారెను. 1538 ఆజ్ఞలోనే జననానంతర సంస్కారములు, వివాహములు, ఖననములు చర్చిలో వ్రాసియుంచవలెనని యుండెను. 1598, 1601 శాసనములచే దీనులను బోషించు బాధ్యతలో వార్డెనులకును బాలు కలిగెను. 1837లో జననమరణముల నమోదును ప్రభుత్వమే చేపట్టెను. 1894లో గ్రామపాలన ఎన్నికైన సభలకు జేరెను. చర్చికి ఆరాధన మిగిలెను. వార్డెనులు నేటికిని గలరు. ట్రికీగారి లెక్కలు 1904లో అచ్చుపడెను. వానినుండి ఈమన్ డఫీ అను పండితుడు 2001లో ఒక గ్రంథము వ్రాయుటచే ఆ పల్లె పేరు లోకమునకు దెలిసెను.

రాణి మాఱగా ప్రతిమలు తిరిగి వచ్చెను గాని, పడుచుల నిధి పూర్వమువలె తలయెత్తలేదు. దానిని రద్దుచేయవలెనని యెవరును శాసింపలేదు. దీపమారగా దానితోగూడ నదియు ఆరిపోయెను. పెద్ద మార్పులలో స్త్రీల చేతిలోని చిన్న యధికారము ఎవరికిని దెలియకయే జారిపోవుట ఇట్లుండును. అది యొకప్పుడుండెనని మన మెఱుగుటకు ఆధారము ఆ లెక్కల పుస్తకమే. సోదరీమణులారా, మీ యిండ్లలో ముత్తవల నాటి పద్దుపుస్తకము లేవైన నున్నచో, చెదలు పట్టిన కాగితములని పాఱవేయక, ఒక్కమాఱు విప్పి చూడుడు.