చెప్పు జారిన సంగతి రాసుకోండి

"చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలీదు నాయనా, వాకిట్లోకొచ్చి చూసుకుంటే ఉత్త కాలే" అంటుంది ఒక పెద్దావిడ. అవతల కూర్చున్న కుర్ర డాక్టరు ఓపీ చీటీ మీద ఇంగ్లీషులో 'వీక్‌నెస్' అని గీకి, బలం బిళ్లలు రాసి పంపేస్తాడు. ఆవిడ నీరసమని చెప్పలేదే! చెప్పు జారుతున్నట్టు తెలుస్తూనే వేళ్లతో పట్టి ఉంచలేకపోతే కండరాల్లో బలం తగ్గినట్టు. జారిన సంగతే తెలియకపోతే పాదంలో స్పర్శ పోయినట్టు. షుగరు ఉన్నవాళ్లలో తరచుగా కనిపించే ఈ తేడాని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. చీటీలోకి మాత్రం ఎక్కలేదు.

విరిగిన ఎముకని ఎక్స్‌రే పట్టిస్తుంది. అరికాళ్ల మంటకి, తిమ్మిరికి ఫొటో ఎక్కడుంది? ఫిట్స్ తగ్గాక తీసిన ఈఈజీ చాలాసార్లు మామూలుగానే వస్తుంది. అప్పుడిక దిక్కు పక్కనున్నవాళ్ల మాటే. "ముందు ఎడమ పక్కకి మూతి లాగేసింది, తర్వాత ఆ చెయ్యి కొట్టుకుంది, ఆనక తెలివి తప్పింది" అని తల్లి వరస తప్పకుండా చెబుతుంది. జబ్బు మెదడులో కుడి పక్కన మొదలైందని చెప్పే ఆనవాలు అది. కేస్ షీట్‌లో మిగిలేది 'ఫిట్స్' అన్న ఒక్క మాట.

"మొహానికి నీళ్లు కొట్టుకుంటుంటే ముందుకి తూలిపోతున్నాను" అన్న మాట ఇంకా విలువైనది. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకి చేరవేసే నరాలు దెబ్బతింటే మనిషి ఆ లోటుని కళ్లతో పూడ్చుకుంటాడు. కళ్లు మూసుకున్నాడా, తూలతాడు. ఇది కనిపెట్టే పరీక్షకే జర్మన్ వైద్యుడు రాంబెర్గ్ పేరు పెట్టారు. ఆ పేరు చెప్పలేని విద్యార్థికి మార్కులు పోతాయి. రోగి మాట అర్థం చేసుకోలేకపోతే ఏమీ పోదు, రోగికి తప్ప.

ఒక ఊళ్లో తిమ్మిరెక్కిందంటారు, ఇంకోచోట జోము పట్టిందంటారు. చీమలు పాకినట్టు, దూది మీద నడిచినట్టు, నరం జివ్వున లాగినట్టు... ఇవన్నీ ఒకటి కావు. ఇన్ని మాటల్నీ 'నరాల బలహీనత' అనే ఒక్క మూటలో కట్టేస్తున్నాం. ఆ మాట పరువు లాడ్జీ వైద్యుల గోడ ప్రకటనలు ఎప్పుడో తీసేశాయి కూడా.

మన మాటలన్నీ మేలైనవేనని వాదించను. పక్షవాతంలో 'వాతం' వినబట్టే ఇప్పటికీ కొందరు పావురం నెత్తురు పూయించుకోవడానికి పరుగెడతారు. నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. ఆ గడువు అక్కడే కరిగిపోతుంది. అయితే దానికి విరుగుడు 'నాడీ సంబంధ రుగ్మతలు' అని పోస్టర్ల మీద అచ్చేయడం కాదు. ఆ మాట ఏ ఇంట్లో ఎవరంటున్నారు? "మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి వాలిపోయినా వెంటనే పెద్దాసుపత్రికి" అని రాస్తే చదువురాని తాతకి చదివి వినిపించినా చాలు.

డాక్టరు గారూ, కేస్ షీట్‌లో మొదటి రెండు వరసలు రోగికి వదలండి. ఆయన అన్నది అన్నట్టు తెలుగులో రాయండి, యాసతో సహా. ఇంగ్లీషు పేర్లు ఆ కింద ఎన్నయినా పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?