వరద మట్టమే కొలబద్ద కావాలి

2024 సెప్టెంబరు 1న విజయవాడను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల నుంచి దిగి కొల్లేరులో కలిసే ఈ వాగు ఏడాదిలో ఎక్కువ నెలలు మురుగు కాలువలాగే కనిపిస్తుంది. అది ఒక్కసారిగా పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక, వాంబే కాలనీ, జక్కంపూడి వంటి చోట్ల కింది అంతస్తులను ముంచేసింది. లక్షల మంది పాలకూ మంచినీళ్లకూ పడవల కోసం, డ్రోన్ల కోసం ఎదురుచూశారు. కొన్ని వీధుల్లో నీళ్లు పూర్తిగా తీయడానికి వారం పైగా పట్టింది. ఆ తర్వాత అందరి నోటా వినిపించిన కారణం ఆక్రమణలు. ఆ మాటలో నిజం ఉంది. వాగులోకి చొచ్చుకొచ్చిన ఇళ్లూ గోడలూ నీటి దారిని ఇరుకు చేశాయి. కానీ మునిగిన ఇళ్లలో చాలావాటికి పట్టాలున్నాయి, రిజిస్ట్రేషన్ దస్తావేజులున్నాయి, ఇంటి పన్ను రసీదులూ కరెంటు మీటర్లూ ఉన్నాయి. కొన్ని కాలనీలు ప్రభుత్వమే పేదల కోసం కట్టించినవి. ఆక్రమణలన్నీ ముందే తొలగించి ఉంటే ముంపు కొంత తగ్గేదేమో గానీ, ఆ పల్లంలోకి నీళ్లు రాకుండా ఆగేవి కావు. చట్టాన్ని మీరి కట్టిన ఇళ్ల గురించి మాట్లాడినంతగా, చట్టం అనుమతించగా కట్టిన ఇళ్ల గురించి మనం మాట్లాడటం లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన నిబంధనలు వరదను తప్పు కొలతతో కొలుస్తున్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, నీటి వనరుల పక్కన ఎంత జాగా వదలాలో మీటర్లలో చెప్పాయి. నది అయితే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటి మట్టం, అంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకూ నాలాకూ 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు. తెలంగాణకు నేటికీ ఆధారం ఇదే. ఆంధ్రప్రదేశ్ తర్వాత కొత్త నిబంధనలు తెచ్చుకున్నా కొలిచే పద్ధతి మార్చుకోలేదు. వాగు కట్టనూ దాని పక్క దారినీ కాపాడుకోవడానికి ఈ దూరాలు అవసరమే. అయితే వరద గట్టు నుంచి మీటర్లు లెక్కపెట్టుకుంటూ రాదు, పల్లం వెతుక్కుంటూ వస్తుంది. గట్టుకు ఇరవై మీటర్లలో ఉన్న మెరక మీది ఇల్లు పొడిగా ఉండవచ్చు, రెండు కిలోమీటర్ల అవతల పల్లంలోని వీధి మునగవచ్చు. దూరం చూసే నిబంధన మొదటి ఇంటిని అడ్డుకుంటుంది, రెండో వీధికి అనుమతి పత్రం చేతికిస్తుంది. కాబట్టి నిర్మాణానికి హద్దు గీయాల్సింది నేల ఎత్తునూ, ఆ చోట నీరు చేరగల మట్టాన్నీ బట్టి.

బుడమేరు విషయంలో ఈ మట్టం ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2005లోనూ అది ఇదే నగరాన్ని ముంచింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వాగును మళ్లించి కృష్ణలో కలిపే డైవర్షన్ ఛానల్ సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులు. 2024లో వచ్చిన ప్రవాహం దానికి రెట్టింపు దాటిందన్నది అప్పటి అంచనా. ఛానల్ కట్టకు గండ్లు పడ్డాయి, రెగ్యులేటర్ గేట్లెత్తితే నీరు పాత దారిలో నగరం మీదికే వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బరాజ్ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతోంది. అది 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును దాటిన వరద. నిండుగా పారే నది వాగు నీటిని తనలోకి రానివ్వదు. రెండూ ఒకేసారి పొంగే రోజు వస్తుందని ఊహించడానికి జోస్యం అక్కర్లేదు. రెండింటికీ వాన తెచ్చేది ఒకే వాయుగుండం కావచ్చు. దిగువన ఎనికేపాడు దగ్గర కాలువ కింది నుంచి వాగును దాటించే అండర్ టన్నెల్ (యూటీ) సామర్థ్యమూ, కొల్లేరులోకి నీరు దిగే వేగమూ ఇంజినీర్లకు తెలిసిన లెక్కలే. ఆ లెక్కలు జలవనరుల శాఖ ఫైళ్లలో ఉన్నాయి, లేఅవుట్ అనుమతులు మున్సిపల్ శాఖ ఫైళ్లలో ఉన్నాయి. ఈ రెండు ఫైళ్లూ ఒక బల్ల మీదికి రావాలని అడిగే చట్టం మనకు లేదు.

అలాంటి చట్టానికి నమూనా మాత్రం యాభై ఏళ్లుగా ఉంది. వరద మైదానాలను మట్టాల ప్రకారం విభజించి నిర్మాణాలను నియంత్రించే నమూనా బిల్లును 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, ఉత్తరాఖండ్ 2012లో చట్టాలు చేశాయి. చేసిన చోటా అమలు అరకొరే. ఆ బిల్లు వెంట కేంద్ర జల సంఘం సూచించిన పద్ధతి సులువైనది. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల వంటివి వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. ఇళ్లు, కార్యాలయాలు, విద్యాసంస్థలు పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. తరచూ మునిగే చోటును పార్కులకూ ఆటస్థలాలకూ వదిలేయాలి. నా అభిప్రాయంలో ఇళ్లకు పెట్టిన ఈ పాతికేళ్ల ప్రమాణం కూడా చాలదు. పాతికేళ్ల వరద అంటే పాతికేళ్లకోసారి వచ్చేదని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 4 శాతం ఉన్నదని. ముప్పై ఏళ్ల గృహరుణం తీరేలోగా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 71 శాతం. వందేళ్ల వరదకు కూడా అదే కాలంలో 26 శాతం అవకాశముంది. జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టుకునే మధ్యతరగతి కుటుంబానికి ఈ రెండు అంకెల మధ్య తేడా చిన్నది కాదు. వాళ్లకు అవి చెప్పేవారే లేరు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఇంజినీర్ల వైపు నుంచి వస్తుంది. కట్టలు ఎత్తు చేయండి, ఛానల్ వెడల్పు చేయండి, ఇళ్లు ఎందుకు ఆపాలి అంటారు. వాళ్ల చేతిలో బలమైన ఉదాహరణ ఉంది. అదే 2024 వరదలో కృష్ణలంకను రక్షణ గోడ కాపాడింది. గతంలో కృష్ణకు వరద వస్తే మొదట మునిగే ఆ బస్తీల్లోకి ఈసారి నది పొంగి రాలేదు. ఆ గోడ కట్టడం సరైన పని, దాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ గోడ ఒక ఎత్తుకే కాపలా. ప్రకాశం బరాజ్‌ను కట్టిందే 11.9 లక్షల క్యూసెక్కులకు. 2024 ప్రవాహం అందులో 96 శాతం. పైగా గోడ చాటున భద్రత వచ్చిందని తెలియగానే స్థలాల ధర పెరుగుతుంది, రేకుల ఇంటి చోట నాలుగంతస్తులు లేస్తాయి. గోడ దాటి నీరొచ్చే రోజున నష్టపోయేవాళ్లు గోడ లేనప్పటి కంటే ఎన్నో రెట్లు ఉంటారు. రక్షణ కట్టడమే ప్రమాదంలోకి జనాన్ని పిలుస్తుందని అమెరికా భూగోళవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే వివరించారు. శతాబ్దాలుగా కట్టల మీదే బతికిన నెదర్లాండ్స్, 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, ముప్పైకి పైగా చోట్ల కట్టలను వెనక్కి జరిపి, మైదానాలను లోతు చేసి నదికి చోటిచ్చింది. కట్టలు కట్టడంలో వాళ్లకంటే అనుభవమున్నవాళ్లు లేరు కదా.

హైదరాబాద్ చెప్పేదీ ఇదే. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన జలాశయాలు వచ్చాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నదిని ఆపేశామన్న ధీమాతో తర్వాతి తరాలు మూసీ గర్భంలోకే దిగాయి. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి జీవో 111 ఆంక్షలను 2022లో సడలించారు. 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. జలాశయం వరదను ఆలస్యం చేయగలదు, చిన్నది చేయగలదు. నిండాక మాత్రం కిందికి వదలక తప్పదు.

రెండో అభ్యంతరం ఆస్తి హక్కుది. పట్టా భూమిలో ఇల్లు కట్టుకోవద్దంటే రైతు ఏం కావాలి? ఈ ప్రశ్న న్యాయమైనది. అయితే సొంతదారు కావడం వేరు, కట్టుకునే హక్కు వేరు అన్న పద్ధతి మన పల్లెలకు కొత్త కాదు. చెరువు శిఖం భూములకు పట్టాదారులున్నారు. నీరు దిగాక దున్నుకుంటారు, నిండితే వదులుకుంటారు. కృష్ణా గోదావరి లంకల్లో అరటీ పసుపూ కూరగాయలూ పండించే రైతులకు వరద సాగులో ఒక భాగం. వరద మైదానమంటే పనికిరాని నేల కాదు, ఒండ్రుతో సారవంతమైన నేల. దాన్ని పొలంగా ఉంచితే దేశానికి లాభమే. నష్టం వచ్చేది రైతు పొలాన్ని గజాల లెక్కన అమ్ముకునే అవకాశం పోగొట్టుకున్నప్పుడు. ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. 1975 నమూనా బిల్లులోనే పరిహారానికి చోటుంది. ముంపు భూమి ఉన్న రైతుకు వేరే చోట వాడుకోగల లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు ఇవ్వడం, రోడ్ల విస్తరణలో మనం ఇప్పటికే వాడుతున్న టీడీఆర్ పద్ధతే. పరిహారం లేకుండా నిషేధం మాత్రమే పెడితే అది కాగితం మీదే మిగులుతుంది; రాత్రికి రాత్రి మట్టి పోసే లారీలు ఆగవు.

పేదలకు నగరంలో వేరే చోటెక్కడుందన్న అభ్యంతరం ఇంకా బాధాకరమైనది. పల్లపు భూమి చవక కాబట్టే పేదలు అక్కడికి చేరారు. అదే చవకదనం చూసి ప్రభుత్వాలూ అక్కడే కాలనీలు కట్టాయి. ఇల్లిచ్చామన్న పేరు ఒక ప్రభుత్వానికి దక్కుతుంది. పదేళ్ల తర్వాత మునిగిన బియ్యం, పాడైన ఫ్రిజ్, తడిసిన పిల్లల సర్టిఫికెట్లు ఆ కుటుంబానికి మిగులుతాయి. అందుకే వరద మట్టం నిబంధన మొదట ప్రభుత్వాన్నే కట్టడి చేయాలి. ఇళ్ల స్థలాల కోసం సేకరించే ప్రతి ఎకరానికీ కలెక్టరు వరద మట్టాన్ని ధ్రువీకరించాలి. ఆ సంతకం లేకుండా పట్టా పంచకూడదు.

ఇక అమలు. ఇప్పటి తీరులో చట్టం గుర్తొచ్చేది వరద తర్వాత, జేసీబీతో. హైదరాబాద్‌లో 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు ఎందరో హర్షించారు. చెరువులు కొంత ఊపిరి పీల్చుకున్నాయన్నదీ నిజమే. కానీ కూల్చివేతలో నష్టపోయేది చివర కొన్నవాడు. లేఅవుట్ గీసినవాడు, సంతకం పెట్టినవాడు, అమ్ముకున్నవాడు అప్పటికే తప్పుకుంటారు. కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసిన 2024 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు, నదులూ నీటి వనరుల్లోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ ఇవ్వలేదు. అలాంటప్పుడు హద్దు ఎక్కడుందో కొనేవాడికి ముందే తెలియడం కనీస న్యాయం. స్థలం కొనే ప్రతివారూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీసుకుంటారు. ఆ సర్వే నంబరు నేల ఎత్తూ, అక్కడి పాతికేళ్ల, వందేళ్ల వరద మట్టాలూ ఈసీలోనే ముద్రించాలి. బ్యాంకు ఆ కాగితం చూసే రుణమిస్తుంది. నిషేధం కంటే ఈ ఒక్క వరుస ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. డ్రోన్లతో భూముల రీసర్వే చేస్తున్న ఈ రోజుల్లో నేల ఎత్తులు తెలుసుకోవడం అసాధ్యమన్న సాకు చెల్లదు.

వాతావరణం మారుతోంది, పాత రికార్డులు రేపటి వానకు ఏం పనికొస్తాయి అనేవారూ ఉన్నారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిశాక ఆ సందేహం సహజం. అయితే ఆ సందేహం హద్దును ఇంకొంచెం పైకి జరపమని చెబుతుంది, గీయవద్దని కాదు. మట్టాలను పదేళ్లకోసారి సవరించే నిబంధన చట్టంలోనే ఉంటే చాలు.

ఇప్పటికే పల్లంలో ఉన్న ఇళ్లను లేపేయడం సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. వాటికి హెచ్చరిక వ్యవస్థ, ఎత్తైన ఆశ్రయాలు, పంపులు, బీమా కావాలి. వాగు గర్భంలోనే ఉన్న కొద్ది కుటుంబాలకు మాత్రం ముందు కొత్త ఇల్లు చూపించి తర్వాత తరలించాలి. చట్టం బలమంతా ఇంకా కట్టని చోట చూపించాలి. వెలగలేరు దిగువ నుంచి ఎనికేపాడు దాటి కొల్లేరు దాకా బుడమేరుకు రెండు వైపులా, కొండవీటి వాగు పారే రాజధాని గ్రామాల్లో, ఖమ్మంలో మున్నేరు పక్కన ఇంకా పొలాలుగా ఉన్న ఎకరాలు చాలానే ఉన్నాయి. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ చుట్టుపక్కల మునిగిన వీధుల్లో ఏ ఇంటివాళ్లను అడిగినా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ మట్టాలు సర్వే చేసి గెజిట్‌లో ప్రకటించే వరకు ఆ మూడు చోట్లా ఒక్క కొత్త లేఅవుట్‌కూ అనుమతి ఇవ్వకూడదు.